మన భూతకాలమునకు పేరు పెట్టరా?

ఇంటి పెరటిలో నూయి యుండగా పొరుగూరి చెరువునకు కడవ మోసికొని పోవువానిని లోకము వెఱ్ఱివాడనును. ఆ చెరువుగట్టున నిలిచి "మా యింట నీళ్ళు లేవు" అని నలుగురితో చెప్పుకొనువానిని ఏమనవలయునో నాకు తోచకున్నది. పరభాషలు నేర్చుకొనుటలోను, నేర్పుటలోను మన విద్యావంతులు నేడు చేయుచున్న పని సరిగా నిదియే.

తెలుగుబిడ్డలు స్పానిషు భాష నేర్చుకొనుట ఇప్పుడొక వింత కాదు. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబముల పిల్లలు అక్కడి ఉన్నత పాఠశాలలలో రెండవ భాషగా తఱచు దానినే ఎన్నుకొనుచున్నారు. ఓడపనికి పోవు యువకులకు దక్షిణ అమెరికా రేవులలో అది అక్కఱకు వచ్చుచున్నది. ఐక్యరాజ్యసమితి అంగీకరించిన ఆఱు అధికారభాషలలో అదియు నొకటి. ఇరువది దేశములలో అది రాజభాష. మంచిదే. కాని ఆ భాషను చదువుచు మనవారు ఒకానొక చోటికి వచ్చి నిలిచిపోవుదురు. ఆ భాషలో జరిగిపోయిన పనిని చెప్పుటకు ముఖ్యముగా రెండు రూపములున్నవి. ఒకటి ఒక్కమాఱు జరిగి ముగిసిన దానిని చెప్పును. రెండవది జరుగుచుండిన దానిని, అలవాటుగా జరిగెడి దానిని, అట్లుండిన స్థితిని చెప్పును. ఈ రెండవదానికి వారు పెట్టిన పేరు ఇంపెర్ఫెక్తో, అనగా పూర్తికానిది. "ఇది మహాకష్టము, మన దేశపువారికి ఇట్టిది తెలియదు, నియమములు కంఠస్థము చేయుము" అని బోధకుడు చెప్పును. పిల్లవాడు కంఠస్థము చేయును, పరీక్షలో తప్పును, తన బుద్ధినే నిందించుకొనును.

"మనకు ఇట్టిది తెలియదు" అను మాట శుద్ధాబద్ధము. అది తెలుగువాని నోట పుట్టినప్పటినుండి యున్నది. లేనిది దానికి మన బడిలో పేరు. లేనిది దానిపై మనకు గౌరవము. ఈ రెండు లోపములను ఎత్తిచూపుటకే ఈ వ్యాసము.

మొదట స్పానిషు రూపములను చూతము. ఇవి చూచి భయపడవలసినది ఏమియు లేదు. చేపలు పట్టుటకు ఆ భాషలో పెస్కార్ అని పేరు. దాని కడపటి ఆర్ తీసివేసి ఆబా చేర్చిన చాలును. నేను పట్టెడివాడను అనుటకు పెస్కాబా. నీవు పట్టెడివాడవు అనుటకు పెస్కాబాస్. అతడు గాని ఆమె గాని పట్టుటకు మరల పెస్కాబా. మేము అనుటకు పెస్కాబమోస్. మీరు అనుటకు పెస్కాబాయిస్. వారు అనుటకు పెస్కాబాన్. అమ్ముటకు వెందేర్, బయలుదేరుటకు సలీర్. ఈ రెండు తెగల క్రియలకు ఆబా మాఱుగా ఈయా చేరును: వెందీయా, వెందీయాస్, వెందీయా, వెందీయమోస్, వెందీయాయిస్, వెందీయాన్, అట్లే సలీయా, సలీయాస్ మొదలగునవి. ఈ కాలమున నియమము తప్పు క్రియలు ఆ మహాభాషలో మూడే మూడు. ఉండుటకు సేర్, దాని రూపము ఎరా. పోవుటకు ఈర్, దాని రూపము ఈబా. చూచుటకు వేర్, దాని రూపము వెయీయా. అంతటితో సరి. ఇంత సులభముగ లొంగు కాలము ఆ భాషలో మఱియొకటి చూపుట కష్టము. అమరమును వల్లించిన దేశమువారికి ఇదియొక భారమా?

అయినచో కష్టమెక్కడ? రూపములలో కాదు, ఎన్నికలో. ఎక్కడ పెస్కాబా అనవలెనో, ఎక్కడ పెస్కో అనవలెనో తెలియకపోవుటలో. ఈ తెలియమి పిల్లవానిది కాదు. అతనికి పాఠము చెప్పిన మధ్యవర్తిది. ఆ మధ్యవర్తి ఇంగ్లీషు. ఇంగ్లీషువాడు ఒకనాడు పట్టిన చేపకును, బ్రదుకంతయు పట్టిన చేపకును ఒకే క్రియారూపముతో సరిపెట్టుకొనగలడు. కావలసినప్పుడు అలవాటును తెలుపుటకు ఆ భాషలో వేఱు మాటలు చేర్చుకొను మార్గములు ఉన్నవి. కాని చేర్చక పోయినను తప్పులేదు. స్పానిషునకు ఆ వెసులుబాటు లేదు. తెలుగునకును లేదు. ఈ చివరి మాటను మనవారు ఒక్కమాఱు నిలిచి ఆలోచింపవలయును.

ఉదాహరణమునకు విశాఖపట్నపు ఫిషింగ్ హార్బరునకు పోవుదము. విశాఖ నౌకాశ్రయము 1933లో ప్రారంభమయ్యెను. 1976లో అక్కడ చేపలరేవు ఏర్పడెను. అంతకుముందు జాలరులు, వాడబలిజలు ఇసుకతీరమునుండియే తెప్పలను అలలలోనికి నెట్టుకొని పోయెడివారు. అచ్చటి పెద్దవాడొకడు తన చిన్ననాటి సంగతి ఇట్లు చెప్పెననుకొనుడు: "అప్పట్లో తెప్ప మీద వెళ్ళేవాళ్ళం. తెల్లారేసరికి ఒడ్డుకు వచ్చేవాళ్ళం. ఆడవాళ్ళు గంపలతో కాచుకొని ఉండేవారు. ఒకనాడు పెద్ద గాలి వచ్చింది. తెప్ప తిరగబడింది. మా నాన్న ఈదుకొని వచ్చాడు."

ఈ ఆఱు వాక్యములను ఇంగ్లీషులో పెట్టిన పిల్లవాడు "వెళ్ళేవాళ్ళం" అను దానిని, "వచ్చింది" అను దానిని ఒకే కాలమున పెట్టవచ్చును; ఎవ్వరును తప్పుపట్టరు. అటుపిమ్మట ఆ ఇంగ్లీషునుండి స్పానిషునకు పోవునప్పుడు ఏది ఏదో తేల్చుకొనలేక తికమకపడును. దారిలో పాఱవేసిన దానిని గమ్యమున వెదకిన దొరకునా? అదే పిల్లవాడు తెలుగునుండి తిన్నగా పోయినచో తికమకకు తావే లేదు. వెళ్ళేవాళ్ళం, ఈబమోస్. వచ్చేవాళ్ళం, వొల్వీయమోస్. కాచుకొని ఉండేవారు, ఎస్పెరాబాన్. అలవాటు అంతటితో ముగిసి సంఘటన మొదలైనది. గాలి వచ్చింది, వీనో. తెప్ప తిరగబడింది, సే వొల్కో. నాన్న వచ్చాడు, వొల్వ్యో. తెలుగుక్రియ మాఱిన చోటనే స్పానిషుక్రియయు మాఱినది. అక్షరమెఱుగని జాలరి ఈ వాక్యములలో ఒక్కచోటనైన తప్పడు. "ఒకనాడు పెద్ద గాలి వచ్చేది" అని అతడనుట మీరెన్నడైన వింటిరా?

ఇంకను సూక్ష్మమైన చోట్లు కలవు. స్పానిషు నేర్పువారు ప్రత్యేకముగ ఒక పట్టికగా వ్రాసి భయపెట్టు క్రియలు కొన్ని యున్నవి. ఎఱుగుటకు సబేర్ అని పేరు. సబీయా అనిన ఆ సంగతి అతనికి అప్పటికే తెలిసియుండెనని. సూపో అనిన ఆ సంగతి అప్పుడు తెలియవచ్చెనని. ఇంగ్లీషులో రెంటికిని ఒకే మాట చాలును గనుక, ఈ భేదము ఆ త్రోవను వచ్చిన విద్యార్థికి మాయగా కనబడును. మనకో? "వాడికి సంగతి తెలుసు" అనుటకును, "వాడికి సంగతి తెలిసింది" అనుటకును భేదమెఱుగని తెలుగుబిడ్డ కలడా? సమర్థతను చెప్పు పొదేర్ అను క్రియయు నట్టిదే. పొదీయా అనిన చేయగలిగేవాడు. పూదో అనిన ఆ ఒక్కమాఱు చేయగలిగాడు. "మా తాత ఎంత దూరమైనా ఈదగలిగేవాడు, ఆ రాత్రి మాత్రం ఈదలేకపోయాడు." ఈ వాక్యములోని దుఃఖమంతయు ఆ రెండు క్రియల నడుమ నున్నది. దానిని తెలుగు చెప్పగలదు, స్పానిషు చెప్పగలదు. నడుమ మఱియొక భాషను దుబాసీగా నిలుపుట ఎందులకు?

ఇంతటి సంపద మన నోట నుండగా బడి దానిని ఏమి చేయుచున్నది? మొదట ఎగతాళి చేయుచున్నది. ఉత్తరాంధ్రపు పేటలలోని బిడ్డ "వెళ్ళేవాడు" అనడు, "ఎల్లీవోడు" అనును. వెంటనే పంతులు బెత్తము ఎత్తకపోయినను కనుబొమ్మ ఎత్తును. "ఆ మాట మానుము, నాగరకముగ మాటలాడుము" అనును. ఎల్లీవోడు, తినీవోడు అనునవి ఉచ్చారణలో వేఱుగాని వ్యాకరణమున ఒక్క వెండ్రుకవాసి తక్కువైనవి కావు. క్రియ, కర్త, లింగము, వచనము, కాలము అన్నియు అందు చక్కగా అమరియున్నవి. ఒక విషయమున స్పానిషుకంటె మిన్నగ అమరియున్నవి. పెస్కాబా అనిన నేనో, అతడో, ఆమెయో సందర్భమునుబట్టి ఊహించుకొనవలెను. మన పేటబిడ్డ "పట్టీవోణ్ణి, పట్టీవోడు, పట్టీది" అని మూడింటిని మూడుగ చెప్పును. ఈ బిడ్డను మూఢుడనుట, స్పానిషు ముక్కలు నేర్చిన నగరపు బిడ్డను మేధావి యనుట, మన విద్యావిధానపు న్యాయము!

ఎగతాళి తరువాతి పాపము ఉపేక్ష. బడిలో మేము పిల్లలకు కాలములను చెప్పునప్పుడు భూత, వర్తమాన, భవిష్యత్తులను చెప్పుదుము. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమునుబట్టి తద్ధర్మమును చెప్పుదుము. తద్ధర్మమనగా స్వభావమును, నిత్యమైన అలవాటును తెలుపునది. ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు తూర్పుతీరమున మరపడవల వేట నిషిద్ధము. ఆ దినములలో జాలరులు వలలు బాగుచేసికొందురు. ఈ "చేసికొందురు" అనునది తద్ధర్మము. బాగున్నది. ఇదే సంగతిని నిన్నటి తరమునుగూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు "చేసికొనెడివారు" అందుము, వాడుకలో "చేసుకొనేవారు" అందుము. ఈ రూపమునకు నేను బడిలో చెప్పిన పాఠములలో పేరు లేదు. పేరు లేని బిడ్డవలె అది తరగతి గది వెలుపల తిరుగుచున్నది.

"దానికి పేరెందుకు? అది క్రియయే కాదు, 'అల్లే' అను విశేషణమునకు 'వాడు' అను సర్వనామము చేరిన నామము" అని వైయాకరణులు కొందఱు చెప్పుదురు. ఈ వాదమును పరీక్షింతము. "వలలు అల్లేవాడు వచ్చాడు" అనిన వాక్యములో అది నామమే, సందేహము లేదు. ఆ వాడు నేడును అల్లుచుండవచ్చును, రేపును అల్లవచ్చును. "మా తాత వలలు అల్లేవాడు" అనిన వాక్యములో మాత్రము ఆ పని నేడు లేదు, గడచిపోయినది. "అల్లే" అను మాటలో భూతార్థము లేదు. "వాడు" అను మాటలో భూతార్థము లేదు. రెండును కలిసినప్పుడు భూతార్థము ఎక్కడినుండి వచ్చినది? భాగములలో లేని అర్థము మొత్తమున పుట్టినప్పుడు ఆ మొత్తము ఒక క్రొత్తరూపమైనదని ఒప్పుకొనుట శాస్త్రధర్మము. పుట్టుకచే నామమై పనిచే క్రియయైనది ఇది. పుట్టుకనుబట్టియే మనుష్యునికి పని విధింపరాదని ఉపన్యసించు సంస్కర్తలము మాటలకు మాత్రము జన్మకులమునే విధింతుమా?

సంస్కృతమును తోడుతెచ్చుకొనువారు మఱికొందఱు కలరు. ఐరోపీయులు వ్రాసిన సంస్కృత వ్యాకరణములలో లఙ్ అను లకారమునకు ఇంపెర్ఫెక్టు అని పేరు పెట్టబడియున్నది. కావున స్పానిషు ఇంపెర్ఫెక్తోయు లఙ్ఙును ఒకటే యని వీరి భ్రమ. పేరు కలిసినంత మాత్రమున గోత్రము కలియదు. పాణిని లఙ్ఙును విధించినది నేటిది కాని భూతమునకు. లిట్టును విధించినది వక్త కన్నులార చూడని భూతమునకు. లుఙ్ఙును విధించినది సామాన్యభూతమునకు. అలవాటుగా జరిగినదా, ఒక్కమాఱు జరిగినదా అను ప్రశ్న అక్కడ విభాగమునకు మూలము కాదు. అగచ్ఛత్ అనిన వెళ్ళెను అనియే కాని వెళ్ళెడివాడు అని కాదు. సంస్కృతమున మన రూపమునకు దగ్గఱగ రాగలిగినది వర్తమానక్రియకు స్మ అను అవ్యయము చేరిన గచ్ఛతి స్మ వంటి ప్రయోగము. అదియు అన్నివేళల అలవాటునే చెప్పదు. కావున ఇంగ్లీషు అద్దముతో చూచినను, సంస్కృతపు అద్దముతో చూచినను ఈ రూపము కనబడదు. తెలుగు కన్నులతో చూచినగాని కనబడదు. వింత యేమనగా, ఆబా అను ప్రత్యయములోని బకారము లాటిను భాషనుండి వచ్చినది. అది మన భూతశబ్దమునకు మూలమైన భూధాతువునకు దాయాదియని భాషాశాస్త్రజ్ఞులు తలచుచున్నారు. ధాతువు సంస్కృతమునకు చుట్టమైనది. ప్రయోగము తెలుగునకు చుట్టమైనది.

పేరు పెట్టుట చిన్నపని యని తలచువారికి స్పానిషువారి చరిత్రమే సమాధానము. 1492లో నెబ్రీహా అను పండితుడు తన భాషకు వ్యాకరణము వ్రాసి అచ్చువేసినప్పుడు ఐరోపాలో లాటినుకు తప్ప ఇంటిభాషకు వ్యాకరణమేమని నవ్వుకాలము. మూడువందల యేండ్లు దాటిన పిమ్మట, 1847లో, వెనెజులా దేశమున పుట్టిన ఆంద్రేస్ బెల్యో చిలీ రాజధాని సంతియాగోలో తన వ్యాకరణమును ప్రకటించెను. అమెరికాఖండపువారి యుపయోగమునకై వ్రాసితినని పేరులోనే చాటెను. ఆయన లాటిను వైయాకరణుల పాత పేరుతో తృప్తిపడలేదు. "పూర్తికానిది" అనుట ఈ కాలపు తత్త్వమును తెలుపదనియు, గడచిన మఱియొక పనికి సమకాలమున నున్నదని తెలుపుటయే దీని తత్త్వమనియు తలచి, దీనికి కోప్రెతేరితో, అనగా సహభూతము, అని క్రొత్తపేరు పెట్టెను. మెక్సికో బడులలో నేటికిని పిల్లలు ఆ పేరుతోనే చదువుచున్నారు. పరుల పాలననుండి విడివడిన జనులు తమ నోటి రూపమునకు తామే పేరు పెట్టుకొనిరి. మనము స్వరాజ్యము పొంది ఇన్ని దశాబ్దములైనను మన రూపమునకు పేరు పెట్టుకొనలేదు. నిత్యభూతమనుడు, అలవాటు భూతమనుడు, మఱియొక మేలైన పేరు తోచిన దానినే పెట్టుడు. నాకు పేరుపై పట్టుదల లేదు, పెట్టవలెననుటపైనే పట్టుదల.

ఇక ఆక్షేపణలు. "రెండు భాషల రూపములు అన్నిచోట్ల సమానములా?" అని అడుగువారికి, కావని చెప్పుచున్నాను, ఏ రెండు భాషలును అట్లుండవు. స్పానిషు రూపము జరుగుచుండిన పనిని గూడ చెప్పును. "మేము రేవుకు వెళ్ళేసరికి చేపలు దింపుతున్నారు" అనుచోట తెలుగు "దింపేవారు" అనదు. స్పానిషు మాత్రము దెస్కర్గాబాన్ అని తన అలవాటు రూపమునే వాడును. గడచిన కాలమున ఎన్ని గంటలైనదో, ఎవనికి ఎన్ని యేండ్లో చెప్పుటకును ఆ భాష ఈ రూపమునే వాడును. మనము తఱచు క్రియయే లేకుండ చెప్పుదుము. ఇన్ని యేండ్లు పట్టెనని లెక్కచెప్పి ముగించిన పనికి అక్కడ సాధారణముగ పెస్కో అనుటయే పద్ధతి. వేఱొకవైపున, "ముందే తెలిస్తే వచ్చేవాణ్ణి" అని జరుగని పనికి మనము ఈ రూపమును వాడుదుము. స్పానిషువారు గ్రంథభాషలో అట్టిచోట వేఱు రూపములు వాడుదురు. ఇవి నాలుగు హెచ్చరికలు. ఒక్కనాటి పాఠము. ఈ నాలుగింటికొఱకు తక్కిన లాభమంతయు విడుచుట, తేనెటీగ కుట్టునని తేనెపట్టును తగులబెట్టుట.

"ఇంగ్లీషు తెలిసినవానికి తెలుగు త్రోవ ఎందుకు?" అనువారు మఱికొందఱు. ఇంగ్లీషుపై నాకు ద్వేషము లేదు. దానిని నేర్చితిని, నేర్పుచున్నాను. కాని ఒక భాష గొప్పదగుట వేఱు, అన్ని గదులకు తాళపుచెవి యగుట వేఱు. ఈ గదికి తాళపుచెవి మన మొలనున్నది.

"చేపలరేవు జనమునకు స్పానిషు ఏమి కూడు పెట్టును?" అనునది కడపటి ఆక్షేపణ. ఈ ప్రశ్నలోని దయ నాకు నచ్చదు. విశాఖ రేవు మన దేశపు సముద్రోత్పత్తుల యెగుమతిలో ప్రధానమైనది. మన దేశపు కండవాచేపలను, కలమారిని కొనుక్కొను దేశములలో స్పెయిను ఒకటి. వల లాగిన చేయి అట్లాంటికు తీరపు విగో రేవువానికి వంటసరకు పంపవచ్చునుగాని ఆ చేయిగలవాని బిడ్డ ఆ రేవు మాట నేర్వరాదా? పైగా నేను కోరునది ప్రతి జాలరిబిడ్డయు స్పానిషు చదువవలెనని కాదు. తన తల్లి మాటలో లోకపు మహాభాషలకు సాటివచ్చు సూక్ష్మత కలదని ప్రతి జాలరిబిడ్డయు తెలిసికొనవలెనని.

ఇది వ్యాకరణపు గదిలో ముగియు తగవు కాదు. 2023 నవంబరు 19వ తేదీ రాత్రి ఫిషింగ్ హార్బరులో అగ్నిప్రమాదము జరిగి పదులకొలది మరపడవలు దగ్ధమయ్యెను. పడవ కాలిపోయెను, ఇది ముగిసిన సంఘటన, ఒక్క క్రియతో చెప్పవచ్చును, ఒక్క అంకెతో వెలకట్టవచ్చును. కాని ఆ పడవతో పోయినదేది? సరంగునకు జీతము వచ్చేది. కలాసీలకు వాటా దొరికేది. ఒడ్డున గంపపట్టిన ఆడుదానికి బేరము సాగేది. మంచు మోయువానికి, వల అల్లువానికి కూలి గిట్టేది. కాలిపోయినదానిని చెప్పుటకు సంఘటనాభూతము చాలును. పోగొట్టుకొన్నదానిని చెప్పుటకు నిత్యభూతము కావలెను. వాంగ్మూలము వ్రాసికొను గుమాస్తా "వచ్చేది" అని చెప్పగా "వచ్చినది" అని వ్రాసినచో, నిత్యజీవనము ఒకనాటి రాబడిగా కుదించుకొనిపోవును. చేయి కదలినంతలో ఒక కుటుంబపు బ్రదుకుతెరువు ఒక దినపు లెక్కగా మాఱును. గుమాస్తాను మాత్రము ఏమనగలము? ఆ భేదమునకు పేరుకూడ లేని బడిలో చదివినవాడే గదా!

సముద్రము సంగతియు నట్టిదే. "ఈ దరిని వంజరం పడేది, చందువలు పడేవి, కానాగంతలు రాశులుగా పడేవి" అని వృద్ధులు చెప్పుచుందురు. అది ఒక సంవత్సరపు పంట మాట కాదు. ఒక తరపు సముద్రపు స్వరూపము. ఏ కొలమానములును లేని కాలమునకు ఆ "పడేవి" యే సాక్ష్యము. దానిని "పడినవి" అని వ్రాసికొన్న పరిశోధకునికి ఒకనాటి అదృష్టము కనబడునుగాని పోయిన సమృద్ధి కనబడదు. వ్రాసికొనక పోయినచో ఆ సాక్ష్యము చెప్పువారితోనే పోవును.

ఈ విశాఖపట్నమునకు ఈ పోరాటము క్రొత్తది కాదు. 1906 ప్రాంతమున పాఠశాలల తనిఖీయధికారిగ ఈ మండలమునకు వచ్చిన యేట్సు దొర, జనులు మాటలాడు తెలుగునకును పుస్తకముల తెలుగునకును ఇంత దూరమేల యని అడిగినప్పుడు, ఇచ్చటి ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యుడు పి.టి. శ్రీనివాస అయ్యంగారును, గురజాడ అప్పారావుగారును, గిడుగు రామమూర్తిగారును ఆ ప్రశ్నను ఉద్యమముగ మార్చిరి. గిడుగువారు అంతటితో నిలువలేదు. పర్లాకిమిడిలో పంతులుగ నుండి, అడవిజనులదని లోకము చిన్నచూపు చూచిన సవరభాషను నేర్చి, సవరబిడ్డలకు వారి మాటలోనే పాఠములు వ్రాసి, 1931లో ఆ భాషకు వ్యాకరణమును వెలువరించెను. ఆగస్టు 29వ తేదీని ఆయన జన్మదినమని తెలుగుభాషా దినోత్సవముగ జరుపుకొనుచున్నాము. పటమునకు పూలదండ వేయుదుము. ఆయన చెప్పినది మాత్రము చేయము. నోటిలో నున్న భాషను చెవియొగ్గి విని, అందలి నియమమును కనుగొని, దానికి గౌరవము కట్టబెట్టుము అనుటయే ఆయన చెప్పినది.

కావున నేను కోరునవి మూడు. ఒకటి, మన పాఠ్యపుస్తకములలో కాలములు చెప్పు పాఠమున "వెళ్ళేవాడు, పడేది, ఉండేవారు" అను రూపములకు ఒక పేరును, ఒక పుటను ఇయ్యవలయును. రెండు, తెలుగువారికి స్పానిషును గాని, ఫ్రెంచిని గాని, ఇట్టి భేదముగల మఱియే భాషను గాని నేర్పువారు ఆ పాఠమును తెలుగు ఉదాహరణములతోనే మొదలుపెట్టవలయును. విదేశములలోని తలిదండ్రులు తమ బిడ్డ ఈ పాఠమున తడబడునప్పుడు ఇంటిలోని అవ్వను పిలిచి ఆమె చిన్ననాటి ముచ్చట చెప్పించిన చాలును, అందులో కావలసిన క్రియలన్నియు దొరకును. మూడు, తీరపు బడులలోని పంతుళ్ళు ఏడాదికొక్కమాఱైనను పిల్లలచేత పెద్దల మాటలను ఉన్నవి ఉన్నట్లు, ఎల్లీవోళ్ళం అనిన ఎల్లీవోళ్ళం అనియే, వ్రాయింపవలయును. దిద్దరాదు. దిద్దిన ప్రతిచోట ఒక సాక్ష్యము చెఱిగిపోవును.

ఇందులో ఏ పనికిని ప్రభుత్వపు ధనాగారము తెఱువనక్కఱలేదు. మూడవదానికి ఒక నోటుపుస్తకమును, ఒక పెన్సిలును చాలును. ఇంతమాత్రము చేయక "తెలుగు చచ్చిపోవుచున్నది" అని సభలలో కన్నీరు కార్చువారితో నాకొక్కటే మాట. భాష చచ్చుట యనగా మాటలు మఱచిపోవుట మాత్రమే కాదు. మన తాతలు ఎట్లు బ్రదికెడివారో చెప్పు శక్తి పోయి, వారు ఏమి చేసిరో మాత్రమే చెప్పగలుగుట. ఆ శక్తి నేటికిని చేపలరేవులో, గంపల నడుమ, వేలముపాట నడుమ సజీవముగ నున్నది. దానిని బడిలోనికి పిలుచుకొనివచ్చి కుర్చీ వేయుడు.